ఇంటిలో పాటను పట్టే మైక్రోఫోను

పాట నోట పుట్టిన మరుక్షణమే గాలిలో కలిసిపోతుంది. దానిని పట్టి నిలపడానికి మానవుడు కనిపెట్టిన సాధనాలలో మైక్రోఫోను ముఖ్యమైనది. ఒకప్పుడు రేడియో కేంద్రాలలోను, సినిమా స్టూడియోలలోను మాత్రమే కనిపించిన ఈ పరికరం నేడు సామాన్యుని ఇంటికి వచ్చింది. సంగీతం నేర్చుకొనే విద్యార్థిని తన కీర్తనను తానే విని తప్పులు దిద్దుకోవాలనుకుంటుంది. ఎనభై ఏండ్ల అమ్మమ్మకు వచ్చిన మంగళహారతులు, లాలిపాటలు ఏ పుస్తకంలోను లేనివి. వాటిని ఆమె గొంతులోనే నిలుపుకోవాలని మనుమడు తలుస్తాడు. ఇద్దరి చేతిలోను ఉన్న డబ్బు కొద్ది. అంగడికి పోతే అక్కడ పదుల కొలది మైక్రోఫోనులు. వాటిలో దేనిని కొనాలి?

ఈ ప్రశ్నకు సమాధానం అంగడిలో కంటే ఇంటిలోనే ఎక్కువగా ఉన్నది. పాడే గది ఎట్టిది, పాడేవారు మైక్రోఫోనుకు ఎంత దగ్గరగా ఉంటారు అనే రెండు విషయాలు తేలిన తరువాతనే మైక్రోఫోను మాట వస్తుంది. కారణమేమో చూద్దాం.

కొమ్ము పోయి మైక్రోఫోను వచ్చింది

1902లో కలకత్తాలో గౌహర్ జాన్ గ్రామఫోను రికార్డులకు పాడినప్పుడు ఆమె ముందు మైక్రోఫోను లేదు. పెద్ద కొమ్ము వంటి గొట్టంలోకి బిగ్గరగా పాడవలసి వచ్చేది. ఆ ధ్వని బలమే సూదిని కదిలించి మైనపు పలకపై గాడిని గీయించేది. మెల్లని గొంతుకు ఆ కొమ్ము ముందు చోటు లేదు. 1925లో గ్రామఫోను రికార్డింగుకు మైక్రోఫోను, విద్యుత్ వర్ధకం వచ్చిన తరువాత ఈ ఇబ్బంది తీరింది. గుసగుసలాడే గొంతును కూడా విద్యుత్తుగా మార్చి, కావలసినంత పెంచి, గాడిగా గీయడం సాధ్యమైంది. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వెనుక ఉన్నది కూడా ఈ మార్పే.

అయితే ఈ మేలు వెంట ఒక కీడు కూడా వచ్చింది. మెల్లని గొంతును వినగల పరికరం మెల్లని రొదను కూడా వింటుంది. గోడ గడియారం టిక్కుమనడం, పంకా గాలి, పొరుగింటి కుక్కరు ఈల, వీధిలో కూరగాయల బండివాని కేక, అన్నీ దానికి సమానమే. మనిషి చెవి వెనుక మెదడు ఉన్నది. అది అక్కరలేని రొదను పక్కకు నెట్టి కావలసిన మాటనే వినిపిస్తుంది. మైక్రోఫోనుకు ఆ వివేకం లేదు.

రెండు విధాల మైక్రోఫోనులు

ధ్వని అనగా గాలి ఒత్తిడిలో కలిగే సూక్ష్మమైన హెచ్చుతగ్గులు. మైక్రోఫోను పని ఆ హెచ్చుతగ్గులను విద్యుత్తులోని హెచ్చుతగ్గులుగా మార్చడం. ప్రతి మైక్రోఫోనులోను ధ్వని తాకగానే కదిలే ఒక పలుచని పొర ఉంటుంది. ఆ కదలిక విద్యుత్తుగా మారే పద్ధతిని బట్టి నేడు ఇంటి అవసరాలకు దొరికేవి ప్రధానంగా రెండు విధాలు: డైనమిక్, కండెన్సర్.

డైనమిక్ మైక్రోఫోనులో పొర వెనుక సన్నని తీగచుట్ట అతికి ఉంటుంది. ఈ చుట్ట ఒక శాశ్వత అయస్కాంతపు సందులో అటూ ఇటూ కదులుతుంది. అయస్కాంత క్షేత్రంలో తీగ కదిలితే అందులో విద్యుత్తు పుడుతుందని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. ఆ సూత్రమే ఇక్కడ పనిచేస్తుంది. దీనికి వెలుపలి విద్యుత్తు అక్కరలేదు. కట్టడం గట్టిది, చేతి నుంచి జారిపడినా, తేమ తగిలినా తొందరగా చెడదు. కాని చుట్ట బరువును కూడా పొర మోయవలసి ఉన్నందున అతి వేగమైన కంపనాలను అది అంత చురుకుగా అనుసరించలేదు. అందుచేత పై పౌనఃపున్యాలు కొంత తగ్గుతాయి.

కండెన్సర్ మైక్రోఫోనులో తీగచుట్ట లేదు. లోహపు పూత పూసిన అతి పలుచని పొర ఒకటి, దాని వెనుక కదలని లోహపు పలక ఒకటి ఉంటాయి. రెండింటి నడుమ వెంట్రుకవాసి సందు. ఈ రెండూ కలిసి విద్యుదావేశాన్ని నిలువచేసే కండెన్సరు అవుతాయి. పొర కదిలినప్పుడు సందు మారుతుంది. దానితో వోల్టేజి మారుతుంది. 1916లో అమెరికాలో వెంటే అనే ఇంజనీరు ఈ పద్ధతిని ప్రయోగానికి తెచ్చాడు. పొర తేలిక కావడం వల్ల గమకంలోని సన్నని మెలికలు, ఊపిరి చప్పుడు, ‘స’, ‘శ’, ‘ష’ల నడుమ భేదం ఇందులో స్పష్టంగా పలుకుతాయి. అయితే దీనికి వెలుపలి నుంచి విద్యుత్తు కావాలి. సాధారణంగా ఈ సరఫరా 48 వోల్టులు. మైక్రోఫోను తీగ ద్వారానే ఇది అందుతుంది గనుక దీనికి ఫాంటమ్ పవర్ అని పేరు.

కండెన్సర్ మైక్రోఫోను చవకగా దొరకడానికి ముఖ్యకారణం 1962లో బెల్ ప్రయోగశాలలో జేమ్స్ వెస్ట్, గెర్‌హార్డ్ సెస్లర్ చేసిన కృషి. అయస్కాంతం అయస్కాంతత్వాన్ని నిలుపుకొన్నట్లే విద్యుదావేశాన్ని చిరకాలం నిలుపుకొనే పలుచని ప్లాస్టిక్ పొరతో వారు మైక్రోఫోనును తయారుచేశారు. దీనిని ఎలక్ట్రెట్ మైక్రోఫోను అంటారు. చొక్కా అంచుకు తగిలించే చిన్న మైకులు చాలావరకు ఈ జాతివే. నేటి సెల్‌ఫోనులలో ఉండే, సిలికాన్‌పై చెక్కిన అతిచిన్న మైక్రోఫోను కూడా కండెన్సరు సూత్రంపైనే పనిచేస్తుంది.

కండెన్సరు గొప్పది, డైనమిక్ తక్కువది అని తలచడం పొరపాటు. 1982లో వెలువడిన మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ పాటలలో గాత్రానికి ఇంజనీరు బ్రూస్ స్వీడియెన్ వాడినది శూర్ ఎస్.ఎమ్.7 అనే డైనమిక్ మైక్రోఫోను. ఎంతటి ఖరీదైన మైక్రోఫోనునైనా తెప్పించుకోగల స్టూడియోలో ఆ ఎంపిక జరిగిందని గుర్తుంచుకోవాలి.

దూరపు లెక్క

ధ్వని బలాన్ని డెసిబెళ్ళలో కొలుస్తారు. ఈ కొలతలో 10 డెసిబెళ్ళు పెరిగితే ధ్వని తీవ్రత 10 రెట్లు, 20 పెరిగితే 100 రెట్లు పెరిగినట్లు. ధ్వని పుట్టినచోటుకు దూరం సగమైతే బలం దాదాపు 6 డెసిబెళ్ళు పెరుగుతుంది.

ఇప్పుడు అమ్మమ్మ పాటనే ఉదాహరణగా తీసుకుందాం. ఆమె మెల్లగా పాడుతున్నది. మీటరు దూరంలో ఆ పాట బలం 60 డెసిబెళ్ళు అనుకుందాం. గదిలో పంకా తిరుగుతున్నది. దాని రొద గది అంతటా 45 డెసిబెళ్ళు అనుకుందాం. మైక్రోఫోను మీటరు దూరంలో ఉంటే పాటకు, రొదకు నడుమ భేదం 15 డెసిబెళ్ళే. వినేవారికి పాట వెంట పంకా కూడా బాగా వినిపిస్తుంది. మైక్రోఫోనును అరమీటరుకు జరిపితే పాట 66, పావు మీటరుకు జరిపితే 72 అవుతుంది. పంకా రొద మాత్రం 45 దగ్గరనే ఉంటుంది. భేదం 27కు పెరిగింది. ఇక పంకాను ఆపి, కిటికీ తలుపులు మూసి, గది రొదను 30కి దింపితే భేదం 42 డెసిబెళ్ళు. అనగా కానీ ఖర్చు లేకుండా 15 నుంచి 42కు చేరుకున్నాం.

అదే చోట అదే దూరంలో మైక్రోఫోనును మార్చితే ఏమవుతుంది? ప్రతి మైక్రోఫోను తనంతట తాను కొంత బుస చేస్తుంది. దీనిని స్వీయరొద అంటారు. ఆడియో టెక్నికా ఏ.టి.2020 అనే చవక రకం కండెన్సరు స్వీయరొద 20 డెసిబెళ్ళు, రోడ్ ఎన్.టి.1-ఏ అనే మరొకదానిది 5 డెసిబెళ్ళు. కాగితంపై భేదం పెద్దదే. కాని గదిలో రొద 40 డెసిబెళ్ళు ఉన్నప్పుడు మొదటిదాని బుస ఆ రొదలో నూరవ వంతు, రెండవదాని బుస దాదాపు మూడువేలవ వంతు. చెవికి రెండూ ఒకటే. బుస లేని మైక్రోఫోనుకు పెట్టిన అదనపు డబ్బు ఆ గదిలో వృథా అయినట్లే. గది నిశ్శబ్దమైన తరువాతనే ఆ డబ్బుకు విలువ.

కండెన్సరు గదిలోని రొదనంతా లాగుతుందని, డైనమిక్ లాగదని ఒక మాట వాడుకలో ఉన్నది. ఇది సగమే నిజం. దిశాగుణం ఒకటే అయి, దూరం ఒకటే అయితే గొంతు, రొద రెండింటి నిష్పత్తి ఏ మైక్రోఫోనులోనైనా ఇంచుమించు ఒకటే. డైనమిక్ మైక్రోఫోనును పెదవులకు ఆనించినంత దగ్గరగా పెట్టుకొని పాడడం అలవాటు. కండెన్సరును జానెడు, మూరెడు దూరంలో పెడతారు. డైనమిక్‌లో రొద తగ్గినట్లు తోచడానికి ముఖ్యకారణం ఆ దగ్గరతనమే.

గోడలు కూడా పాడతాయి

రొద లేకున్నా మరొక చిక్కు ఉన్నది. సున్నం వేసిన గోడలు, గచ్చు నేల, కాంక్రీటు కప్పు ధ్వనిని ఇంచుమించు పూర్తిగా తిప్పికొడతాయి. పాట ఆగిన తరువాత కూడా ధ్వని గదిలో అటూ ఇటూ తిరుగుతుంది. దీనిని ప్రతినాదం అంటారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఒక ఉపన్యాసశాలలో మాటలు తెలియడం లేదని ఫిర్యాదు రాగా, 1895 ప్రాంతంలో వాలెస్ సాబైన్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు రాత్రివేళలలో పక్క నాటకశాల నుంచి మెత్తలు మోయించి తెచ్చి, ఎన్ని మెత్తలకు ప్రతినాదం ఎంత తగ్గుతుందో కొలిచాడు. ఆయన తేల్చిన సూత్రం నేటికీ వాడుకలో ఉన్నది. గది ఘనపరిమాణాన్ని ఘనమీటర్లలో తీసుకొని 0.161తో గుణించి, గదిలోని మొత్తం శోషణంతో భాగిస్తే ప్రతినాదం అణగడానికి పట్టే కాలం సెకండ్లలో వస్తుంది.

మూడున్నర మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మూడు మీటర్ల ఎత్తు గల ఖాళీ గదిని తీసుకుందాం. ఘనపరిమాణం 31.5 ఘనమీటర్లు; నేల, కప్పు, గోడల మొత్తం వైశాల్యం 60 చదరపు మీటర్లు. గట్టి గోడ తనపై పడిన ధ్వనిలో నూటికి మూడు పాళ్ళు మింగుతుందనుకుంటే మొత్తం శోషణం 1.8. ప్రతినాద కాలం 2.8 సెకండ్లు. ఒక స్వరం అణగకముందే నాలుగైదు స్వరాలు దానిపై పడతాయి. అదే గదిలో పరుపులు, బొంతలు, బరువైన దుప్పట్లు కలిపి 8 చదరపు మీటర్లు అమర్చి, అవి సగం ధ్వనిని మింగుతాయనుకుంటే శోషణం 5.8 అవుతుంది, కాలం 0.9 సెకండుకు దిగుతుంది. బట్టలతో నిండిన తెరచిన బీరువా, మంచం, పుస్తకాల అర కూడా ఈ పనిలో సాయపడతాయి.

బొంతలను గోడకు ఆనించి కాక, పాడేవారి వెనుక దండెంపై, గోడకు జానెడు ఎడంగా వేలాడదీయడం మేలు. మైక్రోఫోను ముఖం చూచేది ఆ వైపునకే గనుక ఎక్కువ ఫలితం అక్కడనే. గుడ్ల అట్టలు గోడకు అంటించడం వల్ల చెప్పుకోదగిన లాభం లేదు. అవి తేలిక, పలుచన. పలుచని స్పాంజి పలకలు కూడా పై పౌనఃపున్యాలనే మింగుతాయి. 5 సెంటీమీటర్ల మందం గల స్పాంజి గోడకు అంటి ఉంటే, తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు లెక్కన, దాదాపు 1,700 హెర్ట్జ్‌కు దిగువన దాని శక్తి క్రమంగా తగ్గుతుంది. గొంతులోని బలమైన భాగం అంతకు చాలా దిగువన ఉన్నది.

దగ్గరతనం తెచ్చే చిక్కులు

ఇంటి పాటకు ఎక్కువగా తగినది ఒకవైపే బాగా వినే మైక్రోఫోను. దాని వినికిడి పటం హృదయాకారంలో ఉంటుంది గనుక దీనిని కార్డియాయిడ్ అంటారు. ఇది ఎదురుగా వచ్చే ధ్వనిని పూర్తిగా, పక్కలనుంచి వచ్చేదానిని 6 డెసిబెళ్ళు తక్కువగా, వెనుకనుంచి వచ్చేదానిని అతి స్వల్పంగా గ్రహిస్తుంది. కావున ఆపలేని రొద ఏ దిక్కునుంచి వస్తున్నదో ఆ దిక్కునకు మైక్రోఫోను వీపును తిప్పాలి.

కార్డియాయిడుకు మరీ దగ్గరగా పాడితే మంద్రస్వరాలు ఉన్నదానికంటె ఉబ్బి వినిపిస్తాయి. సన్నని గొంతుకు ఇది కొంత నిండుదనం ఇస్తుంది. బొంగురు గొంతును కుండలో పాడినట్లు చేస్తుంది. రెండవ చిక్కు గాలి దెబ్బ. ‘ప’, ‘బ’, ‘ఫ’, ‘భ’ వంటి అక్షరాలు పలికినప్పుడు నోటి నుంచి గాలి ఒక్కసారిగా వెలువడి పొరను కొడుతుంది. తెలుగు, సంస్కృత కీర్తనలలో మహాప్రాణాక్షరాలకు కొదువ లేదు. మైక్రోఫోనుకు నాలుగు వేళ్ళ ఎడంగా పలుచని నైలాను బట్టను బిగించిన చట్రం ఉంచితే ఈ దెబ్బ విరుగుతుంది. ఎంబ్రాయిడరీ చట్రం, పాత నైలాను మేజోడు కలిస్తే ఈ సాధనం ఇంటిలోనే తయారవుతుంది. మైక్రోఫోనును నోటికి సూటిగా కాక కొంచెం పక్కగా నిలిపినా మేలే.

ఖరీదు ఒక్క మైక్రోఫోనుది కాదు

మైక్రోఫోను ధర చూచి మురిసి కొన్నవారు ఇంటికి వచ్చిన తరువాత మిగిలిన ఖర్చు తెలిసి చింతిస్తారు. మూడు కాళ్ళ తీగతో వచ్చే మైక్రోఫోనుకు నిలబెట్టే స్టాండు, మంచి తీగ, కంప్యూటరుకు కలిపే వర్ధకపు పెట్టె కావాలి. ఈ పెట్టెనే ఆడియో ఇంటర్‌ఫేస్ అంటారు. కండెన్సరుకు 48 వోల్టులు ఇచ్చేది కూడా ఇదే. పెట్టె ఖరీదు మైక్రోఫోను ఖరీదును మించడం అరుదు కాదు.

డైనమిక్ కొనేవారు ఇక్కడ మరొక విషయం గమనించాలి. 1966లో వచ్చి నేటికీ తయారవుతున్న శూర్ ఎస్.ఎమ్.58 ఒక పాస్కల్ ధ్వని ఒత్తిడికి 1.85 మిల్లీవోల్టులు ఇస్తుంది. అదే ఒత్తిడికి ఏ.టి.2020 దాదాపు 14 మిల్లీవోల్టులు, అనగా ఏడున్నర రెట్లు ఇస్తుంది. డైనమిక్ ముందు మెల్లగా, దూరంగా పాడితే వర్ధకాన్ని చివరికంటా తిప్పవలసివస్తుంది. నాసిరకపు వర్ధకమైతే దాని బుస పాటలో కలుస్తుంది.

వర్ధకము, అంకెలుగా మార్చే యంత్రాంగము లోపలనే ఇమిడిన యు.ఎస్.బి. మైక్రోఫోనులు కూడా ఉన్నాయి. ఒక్క తీగ కంప్యూటరుకు తగిలిస్తే చాలు. ఒకరి పాటకు ఇది చవక మార్గం. కాని ఏ భాగం పాతబడినా మొత్తం మార్చవలసినదే. మృదంగానికో, వయొలిన్‌కో మరొక మైక్రోఫోను చేర్చాలంటే తేలిక కాదు.

పెట్టెపై అచ్చువేసిన ‘20 నుంచి 20,000 హెర్ట్జ్’ అనే అంకెలు చూచి మోసపోరాదు. ఆ అవధిలో ఏ పౌనఃపున్యం ఎంత హెచ్చో, ఎంత తగ్గో చెప్పే గీత కావాలి. కొన్ని చవక కండెన్సర్లలో 5,000 హెర్ట్జ్‌కు పైన గీత లేచి ఉంటుంది. అంగడిలో అది తళుకుగా వినిపిస్తుంది. ఇంటికి తెచ్చి అరగంట వింటే ‘స’, ‘శ’లు చెవిని కోస్తాయి. పోల్చిచూచేటప్పుడు రెండు మైక్రోఫోనులను ఒకే దూరంలో ఉంచి, ఒకే పాట పాడి, వినేటప్పుడు రెండింటి బిగ్గరతనం సమానం చేసుకోవాలి. కొంచెం బిగ్గరగా వినిపించేది మంచిదని చెవి భ్రమపడుతుంది. ఏది ఏదో తెలియకుండా మరొకరిచేత వినిపించుకుంటే తీర్పు నమ్మదగినది అవుతుంది. పేరొందిన రకాలకు నకిలీలు కూడా ఉన్నాయి గనుక మరీ తక్కువ ధరను చూచి ఆశపడరాదు.

ఎవరికి ఏది?

వీధి రొద ఆపలేని గది, బలమైన గొంతు, ఒత్తిగిలి దగ్గరగా పాడే అలవాటు ఉన్నవారికి కార్డియాయిడ్ డైనమిక్ తగినది. పంకా ఆపి, బొంతలు కట్టి, నిశ్శబ్దమైన వేళ చూచుకోగలవారికి, మెల్లని గొంతు, సన్నని గమకం గలవారికి కార్డియాయిడ్ కండెన్సరు మేలు. ఇట్టివారు దానిని తేమనుంచి కాపాడుకోవాలి. కోస్తా జిల్లాలలో వానకాలంలో పని అయిన వెంటనే సిలికా జెల్ పొట్లంతో డబ్బాలో పెట్టడం మంచిది. ముందుగా స్టాండు, నైలాను చట్రం, బొంతలకు పోగా మిగిలిన డబ్బుతో మైక్రోఫోను కొనాలి కాని, మైక్రోఫోనుకు పోగా మిగిలినదానితో గదిని సరిచేయాలనుకోరాదు.

పెద్దవారి పాటను పట్టాలనుకొనేవారి సంగతి వేరు. ముఖానికి ఎదురుగా స్టాండు నిలబెడితే అలవాటు లేని పెద్దలు బిగుసుకుపోతారు. ఒక చరణం పాడి ఆపివేస్తారు. వారికి చీర అంచుకో, కండువాకో తగిలించే చిన్న కాలరు మైకు మంచిది. గడ్డానికి జానెడు కిందుగా తగిలిస్తే వారు తల తిప్పినా దూరం పెద్దగా మారదు. ఇది సాధారణంగా అన్ని దిక్కులా సమానంగా వినేది కనుక దగ్గరగా ఉన్నా మంద్రస్వరం ఉబ్బదు. గొలుసులు, పైట కొంగు రాచుకోకుండా చూస్తే చాలు, ఖర్చూ తక్కువే.

అదీ లేనప్పుడు చేతిలోని సెల్‌ఫోనే ఉన్నది. పంకా ఆపి, తలుపులు మూసి, ఫోనును పరుపుపై కాక మడిచిన దుప్పటి వేసిన పీటపై, నోటికి పావు మీటరు దూరంలో ఉంచి, మొదట పది సెకండ్లు పట్టి విని చూచి, ఆ తరువాత పాడించాలి. ఒకసారి పాటలో కలిసిన రొదను తరువాత తీయడం కష్టం. రొదను తగ్గించే సాఫ్ట్‌వేర్లు ఉన్నా అవి గొంతులోనూ కొంత కొరుక్కుపోతాయి. అయినా రొదతో నిలిచిన పాట అసలు నిలవని పాటకంటె మేలు. మైక్రోఫోను వచ్చే ఏడాది ఇంకా చవకగా దొరకవచ్చును. ఎనభై ఏండ్ల గొంతు అప్పటిదాకా ఆగుతుందన్న నమ్మకం లేదు. కొనవలసిన దానిని తీరికగా ఎన్నుకోవచ్చును. పంకాను మాత్రం ఈ సాయంకాలమే ఆపవచ్చును.